పచ్చళ్ళ లేబుళ్ళతో సొంత డిజైన్ పని: మొదటి ఆర్డరు నుంచి డబ్బు చేతికందే దాకా

"ఫోటోషాప్ వచ్చు, కోరల్ వచ్చు. పని ఎక్కడ దొరుకుతుంది? ఎంత అడగాలి?" డిజైన్ నేర్చుకున్న పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఈ రెండే. లోగో, ఫ్లెక్స్, పెళ్ళి కార్డు, యూట్యూబ్ థంబ్‌నెయిల్ అన్నీ చేస్తామని బోర్డు పెడితే ఈ రెంటికీ జవాబు దొరకదు. ఫ్లెక్స్ కొట్టుకు వెళ్తే ప్రింటింగ్‌తో పాటు డిజైన్ ఊరికే చేసిస్తారు. ఊరికే దొరికే చోట దానికి ధర చెప్పి నిలబడటం కష్టం.

అందుకే ఒక్క రకం పని పట్టుకోండి. దాని లోతు తెలిసినవాళ్ళు మీ ఊళ్ళో మీరే కావాలి. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది పచ్చళ్ళు, పొడులు, పిండివంటల లేబుళ్ళు. విజయవాడలో, వరంగల్‌లో, రాజమండ్రిలో, ఏ మండల కేంద్రంలో చూసినా ఇంటి దగ్గర పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు ఉంటారు. రుచి వాళ్ళకు తెలుసు, లేబుల్ మీద చట్టం ఏం రాయమంటుందో చాలామందికి తెలియదు. సరుకు అమ్ముడైన కొద్దీ లేబుల్ మళ్ళీ కావాలి, కొత్త రకం పెట్టినప్పుడల్లా మళ్ళీ కావాలి. ఒకసారి కుదిరిన క్లయింట్ ఏళ్ళ తరబడి వస్తారు.

ఏమేం కావాలి

కంప్యూటర్‌కు 16 జీబీ ర్యామ్ ఉంటే చాలు. ఇల్లస్ట్రేటర్ గానీ కోరల్‌డ్రా గానీ ఒకటి బాగా రావాలి. చందా కట్టే స్తోమత లేకపోతే బొమ్మకు ఇంక్‌స్కేప్, ప్రింట్ ఫైలుకు స్క్రైబస్ వాడండి. రెండూ ఉచితం, పని జరుగుతుంది. వీటితో పాటు స్టీలు స్కేలు, దర్జీ టేపు, వర్నియర్ క్యాలిపర్ (వ్యాసం కచ్చితంగా కొలిచే సాధనం), కత్తెర, ఏ3 కాగితాలు, 250 గ్రాములు, 500 గ్రాములు, కిలో పట్టే ఖాళీ జాడీలు ఒక్కొక్కటి, లెక్కలు రాసే పుస్తకం ఉండాలి.

ప్రింటు రంగుల నమూనాలుండే పుస్తకం ఖరీదు ఎక్కువ. మీ ప్రింటర్ దగ్గరే సీఎంవైకే (ప్రింటులో కలిపే నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాలు) రంగుల పట్టీ ఒకటి, మీరు వాడబోయే స్టిక్కర్ మీదే కొట్టించి గోడకు అంటించుకోండి. ఆ మెషిన్‌లో ఏ అంకెకు ఏ రంగు వస్తుందో అదే నిజంగా చెబుతుంది.

1. ముందు తెలుగు అక్షరాన్ని దారికి తెచ్చుకోండి

ఇంగ్లిష్ అక్షరాలతో అందంగా చేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఒత్తు చెదరకుండా, గుడి విరగకుండా తెలుగు పేరు నిలబెట్టేవాళ్ళు తక్కువ. మీకు డబ్బు తెచ్చేది ఈ పనే.

ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్స్ టిక్ చేయండి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. పాత ఫోటోషాప్ అయితే టెక్స్ట్ ఇంజన్‌ను వరల్డ్ రెడీకి మార్చండి. ఇవి చేయకపోతే ఒత్తులు విడిపోయి పొల్లు హల్లులుగా పడతాయి. ఏ కొత్త ఫాంటు తెచ్చినా ముందు ఈ మాటలు కొట్టి చూడండి: శ్రీ, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, కృష్ణ, జ్ఞానం, ఉత్సాహం. ఒక్కటి తప్పినా ఆ ఫాంటు పక్కన పెట్టండి.

అను అనే పాత తెలుగు ఫాంట్లతో పని చేసే ప్రెస్సులు ఇప్పటికీ ఉన్నాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి) కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. కొత్త పని యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురవరం, ధూర్జటి, పెద్దన, గిడుగు, ఎన్‌టీఆర్, తెనాలి రామకృష్ణ లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉన్నాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు. వెనక లేబుల్‌లో చిన్న అక్షరాలకు నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు బాగా చదవబుద్ధవుతాయి.

ఎక్కువమంది చేసే తప్పులు మూడు. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు పెడతారు. పై వరుస ఒత్తు, కింది వరుస గుడి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. 8 పాయింట్ల అక్షరానికి కనీసం 12 పాయింట్ల ఎడం ఇవ్వండి. రెండోది, అక్షరాల మధ్య ఎడం తగ్గించి పేరు ఇరికించడం. మూడోది, ముదురు రంగు మీద 6 పాయింట్ల తెల్ల తెలుగు అక్షరాలు. ప్రింటులో సిరా పాకి ఒత్తుల కడుపులు పూడుకుపోతాయి. తెలుపు మీద నలుపైతే 7 పాయింట్లు, ముదురు మీద తెలుపైతే 9 పాయింట్లకు తగ్గకండి.

2. మూడు నమూనాలు చేసి జాడీలకు అంటించండి

తెర మీద జాడీ బొమ్మకు తొడిగిన లేబుల్ చూసి పచ్చళ్ళ వ్యాపారి నమ్మరు. ఒక కల్పిత పేరు పెట్టుకుని ఆవకాయ, కంది పొడి, రొయ్యల పచ్చడి ఈ మూడింటికి ముందు వెనక లేబుళ్ళు పూర్తిగా చేయండి. స్టిక్కర్ మీద కొట్టించి, నిజం జాడీలకు అంటించి, కిటికీ వెలుతురులో ఫోటో తీయండి. సాధన కోసం చేసినవని ఫోటో కింద రాయండి. ఉన్న కంపెనీ పేరు పెట్టి వాళ్ళకు చేసినట్టు చూపడం మోసం.

మూడూ మూడు సమస్యలు. ఆవకాయలో నూనె, పొడిలో పౌచ్ (సీలు వేసే సంచి), రొయ్యల్లో మాంసాహార గుర్తు. ఈ మూడూ దాటితే చాలావరకు ఏ పని వచ్చినా తడబడరు.

3. క్లయింట్ కన్నా ముందు ప్రింటర్‌ను కలవండి

మీ ఊళ్ళోనో పక్క పట్నంలోనో స్టిక్కర్లు వేసే ఇద్దరిని ఎంచుకోండి. అడగాల్సినవి: కనీసం ఎన్ని వేస్తారు, షీటు సైజు ఎంత, ఏ రకం స్టిక్కర్ ఉంది, లామినేషన్ (పైన పల్చని ప్లాస్టిక్ పొర) ఉందా, డై కటింగ్ (అచ్చుతో లేబుల్ ఆకారానికి కోయడం) వాళ్ళ దగ్గరేనా, ఫైలు ఏ రూపంలో కావాలి. జవాబులు రాసుకోండి.

క్రోమో కాగితం స్టిక్కర్ చౌక. కానీ పచ్చడి నూనె తగిలితే మరక పాకుతుంది. పచ్చళ్ళకు తెల్ల పీపీ (ఒక రకం ప్లాస్టిక్) స్టిక్కర్, దాని పైన లామినేషన్ అడగండి. పొడులకైతే లామినేషన్ ఉన్న క్రోమో సరిపోతుంది. ప్రింట్ చేసిన పౌచ్‌లు గ్రేవ్యూర్‌లో (చెక్కిన సిలిండర్లతో వేసే ప్రింటింగ్) వేస్తే రంగుకో సిలిండర్ చేయించాలి, వేలల్లో ఆర్డరు ఉంటే తప్ప గిట్టదు. చిన్న వ్యాపారికి ఖాళీ పౌచ్ కొనిపించి దానిపై స్టిక్కర్ వేయించడమే మంచిది. మెరిసే వెండి పౌచ్ మీద నేరుగా ప్రింట్ చేయిస్తే కింద తెల్ల సిరా పొర ఉండాలి, లేకపోతే ఎరుపు మట్టి రంగులోకి దిగిపోతుంది.

4. తలుపు తట్టండి

డ్వాక్రా సంఘాల స్టాళ్ళు, సరస్ మేళాలు, స్వీట్ షాపులు, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పచ్చళ్ళు అమ్మే ఇళ్ళు. అక్కడికి మీ జాడీలు మూడూ సంచిలో పెట్టుకుని వెళ్ళండి. ముందు ఒక జాడీ పచ్చడి కొనండి. ఇంటికి వచ్చి లేబుల్‌లో ఏం లోపించిందో ఒక కాగితం మీద రాసి, మర్నాడు ఆ కాగితం వాళ్ళ చేతికివ్వండి: "అమ్మా, మీ లేబుల్ మీద బ్యాచ్ నంబరు లేదు, గ్రాము ధర లేదు. పెద్ద షాపు వాళ్ళు ఇలా ఉంటే తీసుకోరు." పాత లేబుల్ బాగాలేదని మాత్రం అనకండి. బహుశా అది వాళ్ళబ్బాయో అల్లుడో చేసి ఉంటారు.

5. ధర కట్టడం

పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో కనుక్కుని అందులో సగం చెప్పడం మామూలుగా జరిగేది. అలా చెబితే ఆర్నెల్లలో మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి. మీ ఖర్చు నుంచి లెక్క మొదలుపెట్టండి. అంకెలు మీవి వేసుకోండి, పద్ధతి ఇది.

నెలకు ఇంటి ఖర్చు 28,000 రూపాయలు. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్ 3,000. సాఫ్ట్‌వేర్ 4,000. 72,000 రూపాయల కంప్యూటర్‌ను 36 నెలలకు పంచితే 2,000. నమూనా ప్రింట్లు, తిరుగుడు 3,000. జబ్బు, పన్ను, పని రాని నెలల కోసం 8,000. మొత్తం 48,000.

నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు పని చేసినా డబ్బు వచ్చే గంటలు నాలుగే. మిగతావి ఫోన్లకు, ప్రెస్సు చుట్టూ తిరగడానికి, వసూళ్ళకు పోతాయి. అంటే నెలకు 100 గంటలు, గంటకు 480 రూపాయలు.

ఒక లేబుల్‌కు మాట్లాడటం 2 గంటలు, చిత్తు గీతలు 4, డిజైన్ 6, రెండు విడతల మార్పులు 3, ప్రింట్ ఫైలు, ప్రూఫ్ (సరిచూసుకునే నమూనా ప్రింటు) 3. మొత్తం 18 గంటలు, 8,640. అదే డిజైన్‌లో మరో రుచి చేయడానికి 3 గంటలు, 1,440. కొటేషన్ ఇలా ఇవ్వండి: మొదటి రుచికి 8,700, ఆపైన రుచికి 1,500. ఐదు రుచులకు 14,700.

"అంత ఇచ్చుకోలేం" అన్నప్పుడు గంట ధర తగ్గించకండి, పని తగ్గించండి. బొమ్మ లేకుండా అక్షరాలతోనే రెండు రంగుల లేబుల్ చేయొచ్చు. లేదా అన్ని రుచులకూ ముందు భాగం ఒకటే వేయించి, రుచి పేరున్న చిన్న స్టిక్కర్ విడిగా అంటించేలా చేయొచ్చు. దీనివల్ల ప్రింట్ ఖర్చు కూడా బాగా దిగుతుంది. వెనక లేబుల్ మాత్రం రుచికొకటి ఉండాల్సిందే, పదార్థాల జాబితా వేరు కనుక.

సగం డబ్బు ముందు, మిగతా సగం ప్రింట్ ఫైలు ఇచ్చే ముందు తీసుకోండి. ప్రింటింగ్ డబ్బు మీ చేతుల మీదుగా నడపకండి. క్లయింట్ నేరుగా ప్రింటర్‌కే చెల్లించాలి. రంగు తేడా వచ్చినా, లేబుళ్ళు ఆలస్యమైనా ఆ నష్టం మీ మెడకు చుట్టుకోదు, ఆ మొత్తం మీ టర్నోవర్‌లోనూ కలవదు.

6. ఒక పేజీ ఒప్పందం

ఎన్ని రుచులు, ఎన్ని విడతల మార్పులు (రెండు), అదనపు విడతకు ఎంత, ఎన్ని రోజులు, సమాచారం ఎవరు ఇవ్వాలి. ఇవి రాసి వాట్సాప్‌లో పంపి "సరే" అనిపించుకున్నా నయమే, సంతకమైతే మరీ మంచిది.

హక్కుల మాట తప్పక రాయండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని డిజైనర్ గీసిన లోగో హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప డిజైనర్‌దే. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే 5 ఏళ్ళకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. అమెరికాకు పచ్చళ్ళు పంపే క్లయింట్‌కు ఇది ఇబ్బంది. "పూర్తి సొమ్ము అందిన రోజు నుంచి, కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా హక్కులు బదిలీ" అని రాసి, "నా పనుల జాబితాలో చూపుకునే హక్కు నాకుంటుంది" అని చేర్చండి.

బ్రాండు పేరు ఖాయం చేసే ముందు ట్రేడ్‌మార్క్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతికి చూపించండి. పచ్చళ్ళకు 29వ తరగతి, కారప్పొడులకు 30వ తరగతి చూడాలి. అమ్మ, బామ్మ, నాయనమ్మ పేర్లతో ఇప్పటికే కిక్కిరిసి ఉంది, అలాంటి పేరు కాపాడుకోవడం కష్టమని ముందే చెప్పండి. బందరు లడ్డూ (2017), ఆత్రేయపురం పూతరేకులు (2023) లాంటి పేర్లకు భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే నమోదు) ఉంది. క్లయింట్ అధీకృత వాడుకరిగా నమోదయ్యారా అని అడగకుండా ఆ పేరు, ఆ ముద్ర లేబుల్ మీద పెట్టకండి.

7. జాడీని కొలవండి

క్లయింట్ ఫోన్‌లో చెప్పిన కొలత నమ్మకండి. జాడీ తెప్పించుకోండి. కాగితం పట్టీ చుట్టి గుర్తు పెట్టి స్కేలుతో కొలవండి, క్యాలిపర్‌తో సరిచూసుకోండి. 85 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే చుట్టుకొలత 267. ఒకదానిపై ఒకటి ఎక్కడానికి 5 కలిపితే లేబుల్ పొడవు 272. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) ఇస్తే ఫైలు పొడవు 278. ఎత్తు కొలిచేటప్పుడు జాడీ భుజం వంపు మొదలయ్యే చోటికి 3 మిల్లీమీటర్లు ముందే ఆగండి. వంపు మీదకు ఎక్కిన అంచు రెండు రోజుల్లో లేస్తుంది.

పైన వెడల్పు, కింద సన్నం ఉన్న జాడీకి మామూలు దీర్ఘచతురస్రం సరిపోదు, ముడతలు పడుతుంది. వంపు లేబుల్ గీయాలి, లేదా ముందూ వెనకా రెండు చిన్న లేబుళ్ళు వేయాలి. రెండోదే సులువు. పౌచ్ అయితే చుట్టూ సీలు పడే 10 మిల్లీమీటర్లలో ఏ అక్షరమూ పెట్టకండి.

8. లేబుల్ మీద ఉండాల్సినవి

క్లయింట్‌కు ఈ జాబితా పంపి, అన్నీ రాతలో తెప్పించుకున్నాకే డిజైన్ మొదలుపెట్టండి:

- పదార్థం పేరు, వాళ్ళు పిలిచే పేరే. తెలంగాణ తొక్కును పచ్చడి చేసేయకండి.
- బరువు ఎక్కువ నుంచి తక్కువ క్రమంలో దినుసులు. పాడవకుండా సోడియం బెంజోయేట్ వేస్తే దాని అంతర్జాతీయ సంఖ్య ఐఎన్ఎస్ 211 అని చూపాలి. అది వేసి పైన "ప్రిజర్వేటివ్స్ లేవు" అని రాయమంటే ఒప్పుకోకండి.
- పోషక విలువలు. ఇవి ల్యాబ్ నుంచి రావాలి. మరో కంపెనీ జాడీ చూసి అంకెలు దించడం పెద్ద తప్పు.
- శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ వృత్తం, మాంసాహారానికి గోధుమ రంగు చదరంలో త్రిభుజం. ముందు భాగం వైశాల్యం 100 నుంచి 500 చదరపు సెంటీమీటర్లుంటే వృత్తం వ్యాసం 4 మిల్లీమీటర్లు, చదరం భుజం 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.
- ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ముద్ర, 14 అంకెల నంబరు. 1తో మొదలైతే లైసెన్స్, 2తో మొదలైతే రిజిస్ట్రేషన్.
- నికర బరువు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, కిలో లోపు సరుకైతే గ్రాముకు ధర. 250 గ్రాములు 200 రూపాయలైతే గ్రాముకు 0.80.
- బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఏ తేదీ లోపు వాడాలో, తయారీదారు పేరు చిరునామా, వినియోగదారులు ఫిర్యాదు చేయడానికి ఫోన్, ఈమెయిల్, ఎలా నిల్వ ఉంచాలో.

ఈ వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ తప్పనిసరి. తెలుగు అదనంగా ఎంతైనా రాయొచ్చు, తెలుగు ఒక్కటే ఉంటే కుదరదు. చాలామంది ఇక్కడ దెబ్బతింటారు.

సరుకు విదేశాలకు వెళ్తుంటే అలర్జీ వరుస (కొందరికి పడని దినుసులు ఏవున్నాయో చెప్పేది) విడిగా అడగండి. అమెరికాలో 2023 నుంచి నువ్వులు తప్పక చూపాల్సిన జాబితాలో చేరాయి. యూరప్‌లో, బ్రిటన్‌లో నువ్వులతో పాటు ఆవాలు కూడా ఉన్నాయి. ఆవపిండి, నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయకు ఈ రెండూ వర్తిస్తాయి.

తేదీ, బ్యాచ్, ధర పడే చోట తెల్ల గడి వదిలి, దాని మీద లామినేషన్ గానీ వార్నిష్ గానీ రాకుండా చూడమని ప్రింటర్‌కు రాసివ్వండి. పైపూత మీద వేసిన ముద్ర వేలితో రుద్దితే చెరిగిపోతుంది. బార్‌కోడ్ వేస్తే ఈఏఎన్-13 (షాపుల్లో వాడే 13 అంకెల రకం) మామూలు సైజు 37.29 × 25.93 మిల్లీమీటర్లు, 80 శాతం కన్నా చిన్నది చేయకండి. ఎర్ర గీతలు వద్దు, స్కానర్ వెలుగుకు అవి కనిపించవు. సన్నని జాడీ మీద గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండాలి.

9. ఫైలు, ప్రూఫ్

సీఎంవైకే, ఫోటోలు 300 డీపీఐ, బ్లీడ్ 3 మిల్లీమీటర్లు, అన్ని అక్షరాలూ అవుట్‌లైన్లుగా (ఫాంటు అక్కర్లేని బొమ్మలుగా) మార్చిన పీడీఎఫ్ పంపండి. అవుట్‌లైన్ చేయని ఫైలు మీ దగ్గర విడిగా ఉంచుకోండి, లేకపోతే రేపు ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్ళీ మొదటి నుంచి టైపు చేయాలి. చిన్న అక్షరాలు ఒక్క నలుపుతోనే వేయండి. నాలుగు సిరాలు కలిపిన నలుపులో ప్లేటు కాస్త జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ పడుతుంది. ఏఐతో చేయించిన బొమ్మ వాడితే దానిలో తెలుగు అక్షరాలు వదలకండి, అవి తరచూ అక్షరాల్లాంటి గీతలే.

మొత్తం ప్రింటుకు ముందు ఈ పరీక్షలు చేయండి:

- నూరు శాతం సైజులో ఏ3 మీద తీసి, కత్తిరించి, జాడీకి అంటించండి. ఆరడుగుల దూరం నుంచి రుచి పేరు కనిపించాలి.
- ఈ పనితో సంబంధం లేని మనిషి చేత తెలుగంతా పైకి చదివించండి. మీ కంటికి మీ తప్పు కనబడదు.
- లేబుల్ మీది నంబరుకు ఫోన్ చేయండి. 14 అంకెలు లెక్కపెట్టండి.
- బార్‌కోడ్‌ను ఫోన్‌తో, తర్వాత దగ్గరి సూపర్‌మార్కెట్ స్కానర్‌తో చదివించండి.
- అసలు స్టిక్కర్ మీద వచ్చిన ప్రూఫ్‌కు నూనె రాసి రాత్రంతా ఉంచండి. పొద్దున తడిగుడ్డతో తుడవండి. రంగు గుడ్డకు అంటితే ఆ స్టిక్కర్ వద్దు.

ప్రూఫ్ మీద క్లయింట్ సంతకం, తేదీ తీసుకున్నాకే ప్రింట్ మొదలవ్వాలి.

10. బిల్లు, వసూలు

మొదటి బిల్లుకు ముందే ఉద్యం (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ చేసుకోండి. ఆధార్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. డబ్బు అడిగే సైట్లు దళారులవి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాసుకున్న గడువులో, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పని అప్పగించాక ఉద్యం తీసుకుంటే పాత బకాయికి ఈ పట్టు దొరకడం కష్టం. బిల్లు మీద ఉద్యం నంబరు, గడువు తేదీ వేయండి. చాలా సందర్భాల్లో అది చూసే చెల్లిస్తారు.

సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షల లోపు ఉంటే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మామూలుగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. నమోదు లేకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు. కంపెనీ క్లయింట్ టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే పట్టుకునే పన్ను) కోస్తే అది మీ పాన్‌కు జమ అయిందో లేదో మూడు నెలలకోసారి ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి.

ప్రతి పనికీ ఒక ఫోల్డర్ పెట్టి అసలు ఫైలు, అవుట్‌లైన్ పీడీఎఫ్, సంతకం చేసిన ప్రూఫ్ ఫోటో, స్టిక్కర్ రకం, ప్రింటర్ పేరు అందులో ఉంచండి. ఆర్నెల్లకు ఫోన్ వస్తుంది, "పాత లేబులే మళ్ళీ కొట్టించండి" అని. కొట్టించే ముందు ధర మారిందా, చిరునామా మారిందా, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ చెల్లుబాటులో ఉందా, కొత్త ప్రిజర్వేటివ్ ఏదైనా కలుపుతున్నారా అని అడిగి, జవాబు రాతలో తీసుకుని, మార్పులకు మూడు గంటల బిల్లు వేయండి.